ఏడు పూతల వంతెన

ఆ బుధవారం ఉదయం మేయర్ గదిలో ఉన్నది నలుగురం: మేయర్, ఆయన ఎన్నికల ప్రచారం నడిపే ఆవిడ, మా గురువుగారు, నేను. బల్ల మీద ఉన్నవి: ఉడకబెట్టిన కోడిగుడ్లు మూడు, ఉప్పు సీసా, సిగరెట్ పీకలతో నిండిన గాజు పళ్లెం, శనివారం నడకకు రమ్మని అచ్చువేసిన కరపత్రాల కట్ట, నేను తీసిన ఫోటోలు రెండు, అరచేతి వెడల్పున్న పెయింటు పెచ్చు ఒకటి.

మేయర్ ఆ పెచ్చును తీసుకుని కిటికీ వెలుతురులో పక్కకి తిప్పి చూశారు. అంచున పూతలు ఒకదాని మీద ఒకటి స్పష్టంగా తెలుస్తున్నాయి. లోపలి నుంచి పైకి: ఎరుపు, బూడిద, ఆకుపచ్చ, ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ, ఆకుపచ్చ. మొత్తం ఏడు.

"ఈ నీలం సెనేట్‌కి పోటీ చేసిన ఏడాది వేయించింది," అన్నారాయన. "ఆ రంగు నాకు అచ్చిరాలేదు."

ఆయన పెచ్చును బల్ల మీద పెట్టి గుడ్డు ఒలవడం మొదలుపెట్టారు.

గురువుగారు నాకు పాఠం చెప్పిన మనిషి కాదు. కృష్ణా జిల్లా వారు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నగర ఇంజనీరింగ్ శాఖలో వంతెనల విభాగం ఆయన చేతిలో ఉండేది. శాఖ మొత్తంలో తెలుగువాళ్లం మేమిద్దరమే. చేరిన రోజే నేను గురువుగారూ అని పిలిచాను, ఆయన కాదనలేదు. ఆ శీతాకాలం చీఫ్ ఇంజనీర్ రిటైరయ్యాక ఆ కుర్చీలో తాత్కాలికంగా ఈయన్ని కూర్చోబెట్టారు. పర్మనెంట్ చేయాల్సిన సంతకం మేయర్‌ది.

మా నగరాన్ని నది రెండుగా కోస్తుంది. తూర్పున సిటీ హాలు, కోర్టు, బ్యాంకులు. పడమట ఉక్కు ఫ్యాక్టరీ, చర్చిలు, ఒకదానికొకటి ఆనుకుని చెక్క ఇళ్లు. యాభైల నడిమి వరకు పడమటి వాళ్లు ఇవతలికి రావాలంటే రైలు వంతెన దాకా చుట్టు తిరిగి రావాలి. అక్కడ వంతెన కడతానని చెప్పి గెలిచి, నిజంగానే కట్టిన మేయర్ ఈయన. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆ తర్వాత మళ్లీ మళ్లీ గెలిచారు. మధ్యలో వాషింగ్టన్ మీద ఆశపడి సెనేట్‌కి పోటీ చేసి ఓడారు, ఒక విడత ఇంట్లో కూర్చున్నారు, తిరిగొచ్చి మేయర్ అయ్యారు. నేను చెప్పే కాలానికి, అంటే డెబ్బైల చివర, ఆయనకు అరవై ఒకటి. గవర్నర్ పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ ఎన్నిక జూన్‌లో ఉంది. రాష్ట్రంలో మిగతా ఊళ్లవాళ్లకు ఆయన ముఖం తెలియకపోయినా 'బ్రిడ్జి మేయర్' అంటే తెలుసు. ఈ అవకాశం పోతే ఇంకొకటి రాదని ఆయనకీ తెలుసు, గదిలో ఉన్న మాకూ తెలుసు.

ఆయనకొక ఆనవాయితీ ఉంది. ఏ పదవికి పోటీ చేస్తున్నా ఆ మాట వంతెన మీదే ప్రకటిస్తారు. ఆయన తూర్పు నుంచి టోపీ చేత్తో పట్టుకుని నడిచి వస్తారు. పడమటి నుంచి జనం చర్చి బ్యాండుతో వస్తారు. మధ్యలో కలుసుకుంటారు. చేతులు కలుపుతారు, టోపీ ఎగరేస్తారు, ఫోటోలు తీస్తారు. ప్రతి నడకకీ ముందు వంతెనకి కొత్త రంగు పడుతుంది. ఆయన ఇంట్లో కూర్చున్న నాలుగేళ్లూ దానికి ఒక్క డబ్బా పెయింటు కూడా పడలేదు.

అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. ఇందులో ఒక్కడి తప్పంటూ లేదు. వంతెన అడుగు భాగాన్ని దగ్గరగా చూడాలంటే పరంజా కావాలి. రంగు వేయడానికి ఎలాగూ పరంజా కడతారు కాబట్టి తనిఖీ కూడా అప్పుడే పెట్టుకోవడం మా శాఖలో అలవాటు. అయితే పెయింటర్ల పని ముందు, ఇంజనీర్ల పని తర్వాత. పెయింటర్లు దిగిపోయాక మేం ఎక్కేవాళ్లం. అంటే ఇరవై ఏళ్లుగా ఆ వంతెనను చూసిన ప్రతి ఇంజనీరూ దాన్ని కొత్త రంగులోనే చూశాడు. తనిఖీ రిపోర్టులన్నిటిలోనూ దాదాపు ఒకే వాక్యం: పెయింటు స్థితి చాలా బాగుంది.

ఈసారి క్రమం తప్పడానికి కారణం టెలివిజన్. పాత ఆకుపచ్చ రంగు కలర్ టీవీలో బురదగా కనపడుతోందని ప్రచారం నడిపే ఆవిడ డబ్బాలన్నీ వెనక్కి పంపేసింది. కొత్త రంగు రావడానికి వారం ఆలస్యమైంది. పరంజా ఖాళీగా ఉంది. ఊరికే కూర్చోవడం ఎందుకని గురువుగారు, నేను మంగళవారం మధ్యాహ్నం ఎక్కాం.

ఆ వంతెన నిర్మాణం గురించి ఒక్క విషయం తెలిస్తే చాలు. దాని మధ్య భాగం కింద స్తంభాలు లేవు. అటూ ఇటూ నది మీదకి చాచుకుని ఉన్న రెండు చేతుల మధ్య అది ఊయలలా వేలాడుతుంది. నాలుగు మూలలా నాలుగు నిలువు ఉక్కు పలకలు దాన్ని పట్టుకుని ఉంటాయి. ఒక్క పలక తెగినా మిగతా మూడూ ఆపలేవు.

తూర్పు చివర, నది దిగువ వైపు మూలలో ఉన్న పలక మీద పెయింటు చిన్న గీతలా ఉబ్బింది. సుత్తితో కొడితే పెచ్చు ఊడి నా చేతిలో పడింది. కింద తుప్పు నీరు కారిన మచ్చ. పగుళ్లు చూసేందుకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది: ఎర్రటి ద్రవం పూసి, ఆగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్ల పొడి చల్లుతాం. పగులు ఉంటే లోపలికి దిగిన ఎరుపు మళ్లీ పైకి ఊరుతుంది. నేను పొడి చల్లాను. తెల్లటి పలక మీద ఎర్రటి గీత ఒకటి, ఎవరో పెన్సిల్‌తో నెమ్మదిగా గీస్తున్నట్టు, అంచు నుంచి లోపలికి సాగింది. నా జానెడు దాటాక కూడా ఆగలేదు.

"గురువుగారూ."

"చూస్తున్నానయ్యా."

"మన మీద నుంచి ట్రక్కు వెళ్తోంది."

"వినపడుతోంది. కదలకు. అది వెళ్లనీ."

ట్రక్కు వెళ్లింది. గీత ఒక్కసారి తడిగా మెరిసింది. ఆయన మెడ మీద చెమట నాకు కనపడింది, ఏప్రిల్ చలిలో.

కింద పడవలో ఉన్న పెయింటర్ల మేస్త్రీ అరిచాడు: "మళ్లీ పోట్లాడుకుంటున్నారా మీరిద్దరూ?" మేం తెలుగులో మాట్లాడుకున్నప్పుడల్లా అతనికి పోట్లాటలాగే వినిపించేది.

"లేదు!" అన్నారు గురువుగారు ఇంగ్లీషులో. తర్వాత నాతో, "దిగు. రోడ్డు మూసేద్దాం. తర్వాత అందరికీ చెప్పుకుందాం."

మూయడానికి చేతికందినవి పెయింటర్ల చెక్క అడ్డులే. వాటి మీద అప్పటికే రాసి ఉంది: పెయింటింగ్ పని, దారి లేదు. అరగంటలో రెండు చివరలా అవి నిలబెట్టాం. చీకటి పడక ముందే వంతెన ఖాళీ అయింది. ఆ బోర్డు మాటలు మార్చాలన్న ఆలోచన ఆ సాయంత్రం మాకు రాలేదు. మరుసటి ఉదయం ఆ ఆలోచన వచ్చేలోపే వేరేవాళ్లకి వేరే ఆలోచన వచ్చింది.

"ఒక్క అంకె చెప్పు, సన్," అన్నారు మేయర్ గుడ్డుకి ఉప్పు అద్దుకుంటూ. ఏ మీటింగులోనైనా ఆయన అడిగేది అదే. రిపోర్టు ఎంత లావుగా ఉన్నా చివరికి ఒక్క అంకె కావాలి. వయసులో చిన్నవాళ్లందరినీ ఆయన 'సన్' అనే, అంటే కొడుకా అనే, పిలిచేవారు.

నేను చెప్పాను: పలక మోయగలిగిన బరువును, దాని మీద పడే బరువుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. రెండు వస్తే నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఒకటి వస్తే అంచు మీద ఉన్నట్టు. ఒకటికి తగ్గితే పడిపోతుంది.

"ఇప్పుడు ఎంత?"

"తెలియదు సర్. పగులు లోపల ఎంత దూరం పోయిందో పలక విప్పితేగానీ తెలియదు. విప్పాలంటే కింద నుంచి ఉక్కు స్తంభాలు ఆన్చాలి. దానికి వారాలు పడుతుంది."

"నిన్న మధ్యాహ్నం దాకా ట్రక్కులు తిరిగాయి కదా," అంది ప్రచారం ఆవిడ. సిగరెట్ కొసతో ఫోటోని తనవైపు జరుపుకుంది. "మనుషులు ఏం బరువు? శనివారం నడక అయ్యాక మూస్తే సరిపోయేది."

"ట్రక్కు ఒకటి వస్తుంది, వెళ్లిపోతుంది," అన్నాను. "మనుషులు ఇటు అంచు నుంచి అటు అంచు దాకా ఇరుక్కుని నిలబడతారు. మీ నడకలో అందరూ నిలబడేది సరిగ్గా ఆ మధ్య భాగం మీదే. గుంపు బరువు ట్రక్కుల కంటే ఎక్కువవుతుంది."

గురువుగారు బల్ల కింద నా కాలు మీద కాలు వేశారు. ఆపమనో, ఇంకా చెప్పమనో నాకు అర్థం కాలేదు.

మేయర్ గుడ్డును పక్కన పెట్టారు. అప్పుడు అడిగింది అంకె కాదు. "ఎవరెవరికి తెలుసు?"

"ఈ గదిలో వాళ్లకి," అన్నారు గురువుగారు.

"బయట బోర్డు మీద ఏముంది?"

"పెయింటింగ్ పని అని ఉంది, మిస్టర్ మేయర్."

ప్రచారం ఆవిడ సిగరెట్ ఆర్పేసింది. "ఉండనివ్వండి," అంది. "ఎలాగూ ప్రతిసారీ పెయింటింగ్ జరిగేదేగా. ప్రైమరీ దాకా అది పెయింటింగే. నడక రద్దు. సిటీ హాలు మెట్ల మీద ప్రకటిద్దాం. రేడియోలో చెప్పిద్దాం. 'బ్రిడ్జి మేయర్' కట్టిన బ్రిడ్జి ఆయన పోటీలోకి దిగిన వారంలోనే పగిలిందని అవతలివాడికి మనమే చెప్పాలా?"

"వంతెన మూసే ఉంటుంది కదా?" అని మేయర్ గురువుగారిని అడిగారు. "దాని మీద ఎవరూ ఉండరు?"

"ఎవరూ ఉండరు."

"అయితే ఎవరికీ దెబ్బ తగలదు."

"తగలదు."

ఆ తర్కంలో తప్పు నాకూ కనపడలేదు. మేం లేచాక మేయర్ నన్ను ఆపి, "సన్, ఆ అంకె నాకు బాకీ ఉన్నావు," అన్నారు. పెచ్చును ఆయన తిరిగి ఇవ్వలేదు.

మెట్లు దిగుతుంటే గురువుగారు తెలుగులో అన్నారు: "నీ గ్రీన్ కార్డు ఏ స్టేజ్‌లో ఉంది?"

"ఇంకా ప్రాసెస్‌లోనే ఉందండీ."

"నా కుర్చీ కూడా ప్రాసెస్‌లోనే ఉంది. బ్రిడ్జి మూశాం. ఇంజనీర్లుగా మన పని అయింది. బోర్డు మీద రాత మన పని కాదు."

"పగులుందని రాస్తే..."

"అబ్బాయ్, నాకు చెప్పకు. నేనూ పొద్దుటి నుంచి అదే చెప్పుకుంటున్నాను."

గురువారం, శుక్రవారం నేను స్తంభాల డ్రాయింగులు వేస్తూ గడిపాను. శుక్రవారం మధ్యాహ్నం క్షవరానికి వెళ్లాను. నా అపార్ట్‌మెంట్ పడమట ఉండేది, మంగలి కూడా పడమటివాడే. కుర్చీ తిప్పుతూ అడిగాడు: "నువ్వు బ్రిడ్జిలవాడివి కదా? ఈసారి ఏం రంగు?"

"కొంచెం లేత ఆకుపచ్చ."

"రేపు నడక లేదని రేడియోలో చెప్పారు. మేయర్‌కి మోకాళ్ల నొప్పులా?"

"నాకు తెలియదు."

"వస్తాడులే. కిందటిసారీ వాన అని రద్దు చేశారు. మేం వెళ్లి నిలబడితే చివరికి గొడుగేసుకుని వచ్చాడు." అద్దంలో నా ముఖం చూసి, "తల కదిలించకు," అన్నాడు.

కదిలించానని నాకు తెలియనేలేదు. తిన్నగా ఆఫీసుకి వెళ్లి గురువుగారితో చెప్పాను: రేపు వాళ్లు వస్తారు. ఆయన పోలీసులకి ఫోన్ చేశారు. పెయింటింగ్ పని దగ్గరకి ఎంతమంది కావాలేమిటని అవతలి గొంతు విసుక్కుంది. చివరకి ఇటు ఇద్దరు, అటు ఇద్దరు ఇస్తామన్నారు.

శనివారం పదింటికి నేను వంతెన మీద, మధ్య భాగం తూర్పు చివర అతుకు దగ్గర ఉన్నాను. ఆ అతుకులో రెండు వైపుల ఉక్కు పళ్లు రెండు చేతుల వేళ్లలా ఒకదానిలోకి ఒకటి దూరి ఉంటాయి. మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమి చూశాను. రెండు వైపులా సమంగా ఉన్నాయి. గురువుగారు వెనక, తూర్పు అడ్డు దగ్గర, పోలీసు కారు పక్కన నిలబడ్డారు. నాలుగు వీధుల అవతల సిటీ హాలు మెట్ల మీద మేయర్ కోసం కుర్చీలు వేస్తున్నారు.

మొదట బ్యాండు డ్రమ్ము సరిచూసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత పడమటి చివర చెక్క అడ్డులు మెల్లగా పక్కకి జరగడం కనపడింది. వాటిని జరిపింది ఎవరో అల్లరి మూక కాదు. ఆదివారం బట్టల్లో ఉన్న కుటుంబాలు. మడత కుర్చీలు తెచ్చుకున్న ముసలివాళ్లు. అక్కడి పోలీసుల్లో ఒకడు వాళ్లకి దారి చూపిస్తున్నట్టే చెయ్యి ఊపాడు. అతనికి తెలిసింది బోర్డు మీద ఉన్నదే.

నేను చేతులు చాచి ఎదురుగా వెళ్లాను. "ప్లీజ్, వెనక్కి వెళ్లండి. బ్రిడ్జి మూసేశారు."

ఒక ముసలావిడ రెయిలింగ్ మీద అరచెయ్యి రుద్ది నాకు చూపించింది. "తడే లేదు. అసలు వేశారా పెయింటు?"

"ఇంకా వెయ్యలేదండీ."

"మరి దేనికి మూశారు?"

"ప్రమాదం అండీ. నా మాట వినండి."

"ఏం ప్రమాదం, కోటుకి అంటుకుంటుందనా?" అన్నాడు ఆవిడ పక్కనున్నతను. అందరూ నవ్వారు. "ఇండియాలో పెయింటు చూసి పారిపోతారా, బాబూ?"

"మేయర్‌ని తీసుకురా, అప్పుడు వెళ్తాం," అంది ముసలావిడ. "ఆయన మొదటి నడకలో నేను వీణ్ణి కడుపులో మోసుకుని నడిచాను." పక్కనున్నతను ఇబ్బందిగా టోపీ సర్దుకున్నాడు.

వాళ్లు నన్ను దాటి, ప్రతిసారీ నిలబడే చోటుకి వచ్చి నిలబడ్డారు. మేయర్ ఎప్పుడూ చేతులు కలిపేది ఆ అతుకు పక్కనే, దిగువ రెయిలింగ్ దగ్గర. కాబట్టి ముందొచ్చినవాళ్లు ఆ మూలకే చేరారు. వెనక నుంచి ఇంకా వస్తూనే ఉన్నారు. నేను అతుకు ఇవతలికి వచ్చి మళ్లీ వేలు పెట్టాను. అవతలి పళ్లు ఒక నాణెం మందాన కిందికి దిగాయి.

గురువుగారికి చెయ్యి ఎత్తి చూపించాను. ఆయన అప్పటికే పోలీసు రేడియోలో మాట్లాడుతున్నారు. నేనెప్పుడూ వినని గొంతుతో అరుస్తున్నారు: "ఆయన్ని తీసుకురండి. ఆయన్నే. ఇప్పుడే!"

మేయర్ కారు వచ్చింది. దాని వెనకే టీవీవాళ్ల వ్యాను వచ్చింది. వాళ్లని ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు కూడా. ఆయన పోలీసుల చేతి మైకు తీసుకుని అతుకు దాకా నడిచి వచ్చి ఆగారు. నేను చెప్పకుండానే ఆగారు. అవతల రెండు గజాల దూరంలో జనం. ఆయన్ని చూడగానే చప్పట్లు మోగాయి.

"మిత్రులారా," అన్నారు మైకులో, "ఈసారి ఇక్కడ నడక లేదు. పెయింటు పని ఉంది. అందరూ సిటీ హాలుకి రండి, కాఫీ పెట్టించాను."

"నువ్వే ఇటు రా!" అని ఎవరో అరిచారు. "రెండడుగులు వెయ్యలేనివాడివి గవర్నర్ ఎలా అవుతావు?" నవ్వులు. పడమటి చివర బ్యాండు మార్చింగ్ పాట అందుకుంది. వాళ్లు అరవై మంది, ఒకే అడుగు మీద నడిచేవాళ్లు. ఆ అడుగుల దెబ్బ వాళ్ల మామూలు బరువు కంటే ఎక్కువ పడుతుంది.

ఆయన మైకు కిందికి దించారు. "సన్. పగులున్న మూల ఏది?"

"వాళ్లు నిలబడ్డదే సర్."

"దిగిందా?"

"కొంచెం."

ప్రచారం ఆవిడ వెనక నుంచి ఆయన కోటు చెయ్యి పట్టుకుంది. లోగొంతుకతో అంది: "కెమెరా మన వెనకే ఉంది. ఇంజనీర్‌తో చెప్పించండి. మీరు మాత్రం వద్దు. ఆ మాట మీ నోట రాకూడదు."

ఆయన నా వైపు చూశారు. నేను మైకు కోసం చెయ్యి చాచాను కూడా. "ఇప్పటిదాకా నువ్వు చెప్పావుగా," అన్నారు. "విన్నారా?"

"లేదు."

బ్యాండు అడుగు దగ్గరవుతోంది. ఆయన టోపీ తీసి ప్రచారం ఆవిడ చేతిలో పెట్టారు.

"మిత్రులారా, పెయింటు కాదు. ఈ బ్రిడ్జిలో పగులుంది. మీరు నిలబడ్డ చోటే. బుధవారం నుంచి నాకు తెలుసు."

ముందువరస నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం వెనక్కి పాకడానికి సమయం పట్టింది. బ్యాండు ఒక్కసారిగా ఆగలేదు. డ్రమ్ములు ఆగాక కూడా ఒక కొమ్ముబూర కాసేపు ఒంటరిగా మోగింది. ఎవరో పిల్లని ఎత్తుకున్నారు. ఒక మడత కుర్చీ కింద పడింది. పరుగు మొదలయ్యే క్షణం అది. నాకు తెలిసిన లెక్కల్లో అన్నిటికంటే భయపెట్టేది పరుగు.

"పరిగెత్తొద్దు!" అన్నారాయన. "ఎవరూ పరిగెత్తొద్దు. చర్చిలో కమ్యూనియన్‌కి లేచినట్టు లేవండి. వరస వెంట వరస. వెనకవాళ్లు ముందు. మీరు కాదు, మీరు ఆగండి, నన్ను చూడండి. కుర్చీలు వదిలేయండి, నేను పంపిస్తాను. వెనక్కి తిరిగి మెల్లగా. ఆ. తర్వాతి వరస."

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అలా వరసగా లేవడం వాళ్లకి చిన్నప్పటి నుంచి వచ్చిన పద్ధతి. ఒక వరస కదిలేదాకా రెండోది కదలలేదు. ఆయన గొంతు ఎక్కడా పెంచలేదు. నేను అతుకు మీద చెయ్యి తీయలేదు. ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. అలాంటివి చూసుకోకపోవడం నాకు అరుదు.

ముందు వచ్చినవాళ్లు కాబట్టి ఆ ముసలావిడ వరస చివరిది. ఆవిడ వెనక్కి తిరగకుండా అతుకు మీదుగా ఆయన్నే చూసింది.

"బుధవారం నుంచా?" అంది.

"అవును."

ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని పడమటికి నడిచింది. నా వేలి కింద ఉక్కు పళ్లు మెల్లగా పైకి లేచి సమమయ్యాయి.

ఆ సాయంత్రం టీవీలో ఆయన మాట్లాడిందంతా రాలేదు. 'బుధవారం నుంచి నాకు తెలుసు' ఒక్కటే వచ్చింది. కమ్యూనియన్ మాట, కుర్చీల మాట కత్తిరించారు. జూన్ వరకు ప్రత్యర్థి ప్రకటనల్లో ఆ ఒక్క వాక్యమే ఆయన గొంతుతోనే మళ్లీ మళ్లీ వినిపించింది. వాళ్లు సొంతంగా చేర్చిన మాట ఒక్కటి కూడా లేదు. పడమటివాళ్లు మళ్లీ రైలు వంతెన దాకా చుట్టు తిరిగి పనులకి వెళ్లారు. తిరుగుతున్నంతసేపూ వాళ్ల కారు రేడియోలో అదే వాక్యం.

ప్రైమరీలో ఆయన ఓడిపోయారు. రాష్ట్రమంతా కలిపి తేడా చాలా తక్కువ. పడమటి వార్డుల్లో ఆ రోజు ఓటు వేయకుండా ఇంట్లో ఉండిపోయినవాళ్లు ఆ తేడాకంటే ఎక్కువని పత్రికలు రాశాయి. మంగలి నాతో అన్నాడు: "మేం ఆయనకి వ్యతిరేకంగా వెయ్యలేదు. వెయ్యలేదంతే." ఆ ఏడాది వంతెనకి ఎనిమిదో పూత పడలేదు. కొత్త ఆకుపచ్చ డబ్బాలు షెడ్డులో అలాగే ఉండిపోయాయి. తనిఖీ ముందు, పెయింటు తర్వాత అని గురువుగారు ఒక పేజీ ఉత్తర్వు రాసి అందరికీ పంపారు. ఆయన్ని పర్మనెంట్ చేస్తూ ఆగస్టులో మేయర్ సంతకం పెట్టారు. ఆ సంగతి నాకు ఆఫీసు నోటీసు బోర్డు చూసి తెలిసింది.

సెప్టెంబరులో స్తంభాలు ఆన్చి పలకను విప్పాం. దాన్ని కోసి, లోపల మిగిలిన ఉక్కును కొలిచి, లెక్క వేశాను. ఆ శనివారం పత్రికవాళ్లు ఎత్తు నుంచి తీసిన ఫోటోని పెద్దది చేయించి, గళ్లు గీసి, మధ్య భాగం మీద ఉన్న తలలు లెక్కపెట్టాను. ఎవరు ఏ వైపు నిలబడ్డారో కూడా కలిపాను. నేను చేసింది చూసి గురువుగారు తన వంతుగా మళ్లీ మొదటి నుంచి వేశారు. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. "ఆయనకి పంపాలా?" అని అడిగాను. "పంపకు. అడిగితే చెప్పు," అన్నారు.

వారం తర్వాత మేయర్ ఒక్కరే మా షెడ్డుకి వచ్చారు. పదవీకాలం ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉంది. కోటు జేబులోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి, కోసిన పలక అంచు మీద కొట్టి ఒలిచారు. పగులు మెరుపు తగ్గి గోధుమ రంగుకి తిరిగింది. దాని మీద వేలు ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిపారు.

"బాకీ ఉన్నావు," అన్నారు.

"ట్రక్కులతో చెప్పనా సర్, మనుషులతో చెప్పనా?"

"మనుషులతో. నేను మైకు ఎత్తేటప్పటికి ఉన్నవాళ్లతో."

"బ్యాండును కలిపా?"

ఆయన గుడ్డు కొరికి నెమ్మదిగా నమిలారు. "వాళ్లు మధ్య దాకా రాలేదు కదా," అన్నారు. "కలపకుండా చెప్పు."

చెప్పాను. బ్యాండును కలపకుండా: ఒకటి పాయింట్ సున్నా నాలుగు.